షెడ్డులో గురక, ఇంట్లో దగ్గు

రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న షెడ్డులో లైట్లు ఆపేవాడు. ఆపిన వెంటనే ఇంటికి వచ్చేసేవాడు కాదు. చీకట్లో, కేజీల వరసల మధ్య, కదలకుండా నిలబడేవాడు. కోళ్లు సర్దుకుని, రెక్కలు విదిలించుకోవడం మానేసి, షెడ్డంతా సద్దుమణగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. అప్పుడు వినేవాడు. పది వేల కోళ్లలో ఎక్కడో ఓ మూల సన్నగా గురక వినిపించిందా, తెల్లారేసరికి డాక్టరుగారికి ఫోను వెళ్లాల్సిందే. పగలైతే ఆ గురక దొరకదు. కోళ్ల అరుపుల్లో, మేత ట్రాలీ చప్పుడులో కలిసిపోతుంది.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు సెలవుల్లో ఒకసారి నాన్నతో వెళ్లి అలా నిలబడ్డాను. ఆ రాత్రి కోళ్ల గురక విన్నానో లేదో చెప్పలేను గానీ, నాన్న దగ్గు మాత్రం బాగా గుర్తుంది. వస్తున్న దగ్గుని ఆపుకోవడానికి భుజం మీది తువ్వాలు తీసి నోటికి అదిమి పట్టుకున్నాడు. దగ్గితే కోళ్లు బెదురుతాయి, అవి మళ్లీ సర్దుకునేదాకా ఆగాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల పక్కకి వంచి వింటూనే ఉన్నాడు.

మా నాన్న తణుకు వైపు లేయర్ ఫారాల్లో, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్ల ఫారాల్లో, పాతికేళ్లు పనిచేశాడు. కూలీగా చేరి సూపర్‌వైజర్ అయ్యాడు. జన్మలో బీడీ కాల్చలేదు, చుట్ట ముట్టలేదు. నేను మైక్రోబయాలజీ చదువుకుని ఒక డయాగ్నొస్టిక్ ల్యాబులో పనిచేస్తున్నాను. కోళ్ల ఊపిరితిత్తుల జబ్బుల గురించి ఎంత చదివితే అంతగా ఒక విషయం నన్ను కుదిపేస్తోంది. ఒకే షెడ్డులో, ఒకే గాలి పీలుస్తూ, కోడి గురక పెడితే ఊరంతా ఫోన్లు మోగుతాయి. చచ్చిన కోడిని అదే రోజు పోస్టుమార్టం చేస్తారు. శ్వాసనాళం కోసి చూస్తారు, రక్తం తీసి ల్యాబుకి పంపుతారు. ఆ కోడిని చేత్తో పట్టుకున్న మనిషి పాతికేళ్లు దగ్గినా అతని ఊపిరి ఎంతుందో కొలిచినవాళ్లు లేరు. ఇది మారాలి. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ముందు కోడి సంగతి. నాన్న చీకట్లో వెతికే జబ్బుల్లో ముఖ్యమైనది ఐబీ, అంటే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్. ఫారాల్లో ఎవరూ పూర్తి పేరు పలకరు. "ఐబీ వచ్చిందండి" అంటే చాలు, ఎదుటివాడి మొహం మాడిపోతుంది. గాలిలో అంత వేగంగా పాకే జబ్బు కోళ్లలో తక్కువ. వైరస్ సోకిన 18 నుంచి 36 గంటల్లోనే లక్షణాలు కనిపిస్తాయి, రెండు మూడు రోజుల్లో షెడ్డంతా చుట్టేస్తుంది. తుమ్ములు, గురక, కళ్ల వెంట నీళ్లు. పెద్ద కోళ్లు చాలామటుకు తట్టుకుంటాయి. తట్టుకున్నా గుడ్డు పడిపోతుంది. వచ్చిన గుడ్డు కూడా సరిగ్గా ఉండదు. పెంకు ముడతలు పడి, గరుకుగా, కొన్ని తోలుగుడ్లుగా వస్తాయి. పగలగొట్టి ప్లేటులో వేస్తే తెల్లసొన నీళ్లలా పారిపోతుంది. నాన్న రోజూ ఓ గుడ్డు అలా పగలగొట్టి చూసేవాడు. తెల్లసొన గట్టిగా నిలబడితే ఆ రోజుకి హాయిగా టీ తాగేవాడు.

అంతకంటే దుర్మార్గమైన రూపం ఇంకొకటుంది. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఐబీ సోకిన పెట్టపిల్లల్లో కొన్నిటికి గుడ్డు తయారయ్యే గొట్టం శాశ్వతంగా దెబ్బతింటుంది. అవి పెరుగుతాయి, జుట్టు ఎర్రబడుతుంది, చూడ్డానికి నిండైన పెట్టలు. అయిదు నెలలు మేత పెట్టాక తెలుస్తుంది, అవి గుడ్డు పెట్టవని. కొన్ని రకాల వైరస్ ఊపిరిని వదిలి మూత్రపిండాల మీద పడుతుంది. కోసి చూస్తే కిడ్నీలు పాలిపోయి ఉబ్బి ఉంటాయి, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి. ఫారాల్లో దాన్ని గౌట్ అంటారు. మన దేశంలో గౌటుతో చచ్చిన కోళ్ల నుంచి తీసిన ఒక ఐబీ వైరస్ అప్పటిదాకా తెలిసిన రకాలకు భిన్నమైనదని 2005లో పుణె నుంచి పరిశోధన పత్రం వచ్చింది. అంటే ఆ జబ్బుని మేతలో ఉప్పు ఎక్కువైందనో నీళ్లు బాగోలేదనో సరిపెట్టుకున్న చోట్ల కొన్నిటిలోనైనా అసలు దోషి వైరస్ అయి ఉండొచ్చు.

ఇంతకీ ఈ ఐబీ వైరస్ ఎవరు? అది కరోనా వైరస్. మనిషికి తెలిసిన మొట్టమొదటి కరోనా వైరస్.

ఈ మాట విన్నప్పుడల్లా జనం ఉలిక్కిపడతారు కాబట్టి వెంటనే రెండో మాట కూడా చెప్పాలి. ఐబీ మనుషులకు జబ్బు తేదు. తొంభై ఏళ్లుగా ప్రపంచమంతా కోట్ల కోళ్లలో తిరుగుతున్నా, రోజూ లక్షలమంది ఆ కోళ్ల మధ్యే పనిచేస్తున్నా, దానివల్ల మనిషికి జబ్బు చేసిన దాఖలా లేదు. కోవిడ్ తెచ్చిన వైరస్‌కి ఇది దూరపు చుట్టం. అది బీటా శాఖ, ఇది గామా శాఖ. ఒకే ఇంటిపేరు, వేర్వేరు ఊళ్లు.

కథ అమెరికాలోని నార్త్ డకోటాలో మొదలవుతుంది. అక్కడ షాల్క్, హాన్ అనే ఇద్దరు 1931లో కోడిపిల్లల్లో ఒక కొత్త శ్వాసకోశ జబ్బు కనబడుతోందని రాశారు. చిన్నపిల్లలు నోళ్లు తెరిచి, మెడ సాచి, గాలి కోసం కొట్టుకుంటున్నాయని. అప్పట్లో కోళ్ల శ్వాస జబ్బులన్నీ ఒకటేననుకునేవారు. ఇది వేరే వైరస్ అని 1936లో బీచ్, షాల్మ్ తేల్చారు. మరుసటి ఏడు న్యూజెర్సీలో బోడెట్, హడ్సన్ ఆ వైరస్‌ని పొదుగుతున్న గుడ్లలో పెంచగలిగారు. వైరస్ పడిన గుడ్డులో పిండం ఎదగక, మరుగుజ్జుగా, ముడుచుకుపోయి ఉంటుంది. ఈ రోజుకీ ల్యాబుల్లో ఐబీకి అదొక గుర్తు. కోడి జబ్బుని కోడిగుడ్డులోనే పెంచి, అదే గుడ్డులో పదే పదే మార్చి మార్చి బలం తగ్గించి, టీకా చేశారు. ఫారాల్లో అందరికీ తెలిసిన హెచ్120 టీకా పేరులోని 120, ఆ వైరస్‌ని గుడ్లలో 120 సార్లు మార్చి పెంచారని చెప్పే అంకె. చిన్నప్పుడు నేనది టీకా ధర అనుకునేదాన్ని.

ఇక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్లాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అక్కడుంది.

సాలిస్‌బరీ దగ్గర జలుబుల మీద పరిశోధనకి ఒక కేంద్రం ఉండేది, కామన్ కోల్డ్ యూనిట్ అని. 1946 నుంచి 1990 దాకా నడిచింది. మామూలు జనం స్వచ్ఛందంగా వచ్చి, పది రోజులుండి, ముక్కులో చుక్కలు వేయించుకుని, జలుబు తెచ్చుకుని, తుమ్ములు లెక్కపెట్టించుకుని వెళ్లేవారు. దాన్ని నడిపిన డాక్టరు డేవిడ్ టిరెల్. ఒక బడిపిల్లవాడి ముక్కు నుంచి తీసిన నమూనా ఒకటి ఆయన్ని బాగా సతాయించింది. పేరు బీ814. వాలంటీర్ల ముక్కులో వేస్తే జలుబు వస్తోంది, కానీ మామూలుగా వైరస్‌లను పెంచే కణాల్లో వేస్తే పెరగడం లేదు. అప్పుడు స్వీడన్‌కు చెందిన బెర్టిల్ హూర్న్ అనే పరిశోధకుడి పద్ధతి అక్కరకొచ్చింది. మనిషి శ్వాసనాళపు చిన్న చిన్న ముక్కల్ని ప్లేటులో బతికించి ఉంచడం. శ్వాసనాళం లోపలి గోడకి నూగు లాంటి సన్నటి వెంట్రుకలుంటాయి, వాటిని సీలియా అంటారు. గాలికి వరిచేను ఊగినట్టు అవి ఎడతెరిపి లేకుండా ఊగుతూ, పీల్చిన దుమ్మునీ క్రిములనీ పైకి నెట్టేస్తుంటాయి. సూక్ష్మదర్శినిలో ఆ ఊగడం కనిపిస్తుంది. ఆ ముక్కల మీద బీ814 పెరిగింది. 1965లో టిరెల్, బైనో ఆ సంగతి ప్రకటించారు.

పెరిగింది సరే, అదేమిటో ఎవరు చెప్పాలి? ఆ నమూనాలు జూన్ ఆల్మీడా దగ్గరికి వెళ్లాయి. గ్లాస్గోలో ఒక బస్సు డ్రైవరు కూతురు. యూనివర్సిటీకి వెళ్లే స్తోమత లేక, పదహారేళ్లకే బడి మానేసి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది. తరవాత కెనడాలోని టొరంటోలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద చెయ్యి తిరిగాక, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రికి వచ్చింది. టిరెల్ పంపిన నమూనాలో గుండ్రటి రేణువులు, వాటి చుట్టూ కిరీటంలా నిలబడ్డ ముళ్లు చూసి ఆమె చెప్పిన మాట ఏమిటంటే, ఇలాంటివి నేను ముందే చూశాను. ఎక్కడ? ఎలుకల కాలేయపు జబ్బులో, కోళ్ల బ్రాంకైటిస్‌లో. ఆ కోడి వైరస్ మీద తను రాసిన పత్రాన్ని, ఇవి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కి సరిగ్గా రాని ఫొటోలు అని పరిశీలకులు తిప్పి పంపేశారు.

ఆమె, టిరెల్ కలిసి 1967లో ఆ బొమ్మలు ప్రచురించారు. షికాగోలో హామ్రే, ప్రాక్‌నౌ అంతకుముందు ఏడాది ప్రకటించిన 229ఈ అనే మరో జలుబు వైరస్ కూడా అలాగే ఉందని తేలింది. 1968లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రకటన వచ్చింది. సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు వలయంలా ఉన్నాయి కాబట్టి వీటిని కరోనా వైరస్‌లు అందాం, అని. దాని కింద ఎనిమిది మంది సంతకాలు. వాళ్లలో ఆల్మీడా, టిరెల్, హామ్రేల పక్కనే మిచిగాన్ నుంచి కనింగ్‌హామ్, అయోవా నుంచి హాఫ్‌స్టాడ్ కూడా ఉన్నారు. ఆ ఇద్దరూ కోళ్ల వైరస్‌ల మనుషులు.

ఆ కాగితాన్ని నేను ల్యాబులో ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనుషుల జలుబు ఏమిటో పోల్చుకోవడానికి కోడి జబ్బు కావలసి వచ్చింది. ఆ రోజు ఆ గదిలో కోడిని చూసిన కళ్లు లేకపోతే బీ814 ఇంకెన్నేళ్లు పేరు లేకుండా ఉండేదో. మరి ఆ తరవాత మనుషుల డాక్టర్లు, పశువుల డాక్టర్లు మళ్లీ ఎవరి కాలేజీలకి వాళ్లు వెళ్లిపోయారెందుకు? మన దగ్గరైతే రెండు వేర్వేరు మంత్రిత్వ శాఖలు, వేర్వేరు ల్యాబులు, వేర్వేరు రిపోర్టులు. కోడి రిపోర్టు ఒక కలెక్టరేటులో ఒక గదికి, మనిషి రిపోర్టు ఇంకో గదికి వెళ్తాయి.

ఈ విడిపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నామో చెప్పడానికి నాకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఐబీకి టీకా వచ్చిన తొలి రోజుల్లో అందరూ వాడింది మసాచుసెట్స్ రకం. 1956లో జంఘర్, ఆయన సహచరులు కనెక్టికట్‌లో దొరికిన ఒక ఐబీ వైరస్ మీద పనిచేసి, మసాచుసెట్స్ రకం తగిలి కోలుకున్న కోడికి కనెక్టికట్ రకం మళ్లీ సోకుతుందని చూపించారు. ముఖం కాస్త మార్చుకుంటే చాలు, పాత రక్షణ గుర్తుపట్టదు. ఆ తరవాత పౌల్ట్రీ ప్రపంచానికి ఇదొక నిత్యవ్యవహారం అయిపోయింది. 1990ల మొదట్లో బ్రిటన్‌లో 4/91 అనే రకం, 1996లో చైనాలో క్యూఎక్స్ అనే రకం. ముల్లులో ఎక్కడ మార్పు వస్తే రక్షణ జారిపోతుందో, రెండు రకాలు ఒకే కోడిలో కలిసినప్పుడు మూడోది ఎలా పుడుతుందో, టీకా జబ్బుని ఆపినా వైరస్ తిరగడాన్ని ఎందుకు ఆపలేదో, గొంతులో రక్షణ ఎంత త్వరగా పలచబడుతుందో, ఇవన్నీ కోళ్ల డాక్టర్లు దశాబ్దాలుగా రోజూ మాట్లాడుకునే మాటలు. కరోనా వైరస్‌లలో మొదట పూర్తిగా చదివిన జన్యువు కూడా ఐబీదే. 1987లో, 27 వేల 600 పైచిలుకు అక్షరాలు, ఇంగ్లండ్‌లోని హౌటన్ కోళ్ల పరిశోధన కేంద్రంలో. కణం జన్యువుని చదువుతూ చదువుతూ ఒక్క అక్షరం వెనక్కి జారి కొత్త వరస అందుకునే కిటుకును కరోనా వైరస్‌లలో మొదట గుర్తించింది కూడా ఆ ఏడాదే, ఐబీలోనే. కోవిడ్ వైరస్‌ అదే కిటుకుతో బతుకుతుంది.

2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చి, రెండు డోసులు వేసుకున్నవాళ్లకీ జ్వరాలొస్తుంటే టీవీల్లో ఆశ్చర్యపోయారు. ఇంక టీకాలు దండగ అని కొందరు తేల్చేశారు. మా నాన్న ఆశ్చర్యపోలేదు. "టీకా వేసిన బ్యాచికీ ఐబీ తగుల్తుందమ్మా. తగిలినా మోర్టాలిటీ రాదు, అందుకు వేస్తాం" అన్నాడు. ఆ ఒక్క ముక్క ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా రాసి ఉంటే ఎంత టెన్షన్ తగ్గేదో.

ఇక్కడ నేను హద్దు దాటకూడదు. కోడి బతుకు వేరు, మన బతుకు వేరు. బ్రాయిలర్ ఆరు వారాల్లో బజారుకి పోతుంది. దాని రోగనిరోధక జ్ఞాపకం ఏళ్ల తరబడి నిలవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఐబీ నుంచి కోవిడ్‌ని ముందే చెప్పేయగలిగేవాళ్లమని నేననను. అంతేకాదు, కోళ్ల రంగం చేసిన తప్పులు కూడా ఆ చరిత్రలో ఉన్నాయి. బతికున్న టీకా వైరస్‌లు షెడ్లలో తిరుగుతూ బయటి రకాలతో కలిసి కొత్త రకాలకి ముడిసరుకు అయ్యాయి. తమ ఊళ్లో ఏ రకం తిరుగుతోందో చూడకుండా, పక్కవాడు వేశాడని వేరే దేశపు రకం టీకా వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తప్పులు కూడా నేర్చుకోవాల్సిన పాఠాలే. నేర్చుకోవాలంటే ముందు ఆ పుస్తకం మనుషుల డాక్టర్ల బల్ల మీద ఉండాలి.

అది లేనప్పుడు ఏమవుతుందో 2020 ఫిబ్రవరి, మార్చిలో చూశాం. కోళ్ల టీకా సీసా ఫొటో ఒకటి ఫోన్లలో తిరిగింది, లేబుల్ మీద కరోనా వైరస్ అని రాసుంది చూడండి, జబ్బు కోళ్ల నుంచే వచ్చింది, అంటూ. లేబుల్ నిజమే, మాట అబద్ధం. కానీ ఆ రెంటి మధ్య తేడా చెప్పే మనిషి మామూలు ఇళ్లకి అందుబాటులో లేడు. చికెన్ ధర కుప్పకూలింది. హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మా వైపు చిన్న రైతులు మేత కొనలేక కోళ్లని ఊరికే పంచేశారు. నాన్న పనిచేసే ఫారంలో ఆ నెల జీతాలు సగమే ఇచ్చారు. తెలిసిన సంగతిని చెప్పాల్సినవాళ్లు ముందే, తీరిగ్గా, తెలుగులో చెప్పి ఉంటే అంత నష్టం జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

సరే, ఇప్పుడు గాలి గురించి.

కోడి రెట్టలో యూరిక్ ఆసిడ్ ఉంటుంది. తడి తగిలితే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడుతుంది, అమ్మోనియా పుడుతుంది. ఎత్తు కేజీ షెడ్లలో కింద పెంట గుట్టలుగా పడి, చేపల చెరువులకో పొలాలకో లోడు వెళ్లేదాకా అక్కడే ఉంటుంది. వానాకాలంలో పక్కల పరదాలు దించితే ఆ ఘాటు ఎక్కడికీ పోదు. కొత్తగా వెళ్లినవాళ్లకి కళ్లు మండుతాయి. పదిహేను నిమిషాలుంటే ముక్కు అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కాదు, దాన్ని పట్టే ముక్కు అలసిపోయిందని. షెడ్డులో అమ్మోనియా 25 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు, దాటితే కోడికి నష్టమని పౌల్ట్రీ శిక్షణ తరగతుల్లో చెబుతారు. కారణం కూడా చెబుతారు. శ్వాసనాళంలోని సీలియా ఊగడం మందగిస్తుంది, అప్పుడు ఐబీ వైరస్, మైకోప్లాస్మా, ఈ కోలై అనే బ్యాక్టీరియాలు తేలిగ్గా లోపలికి దిగుతాయి, సీఆర్‌డీ అనే దీర్ఘకాలపు శ్వాస జబ్బు మొదలవుతుంది. ఐబీ టీకా పనిచేసిందో లేదో చూసే పరీక్షల్లో కూడా ఒకటి ఇదే. కోడి శ్వాసనాళాన్ని సన్నటి రింగుల్లా కోసి, వెంట్రుకలు ఇంకా ఊగుతున్నాయా లేదా అని సూక్ష్మదర్శినిలో చూస్తారు.

సాలిస్‌బరీలో మనిషి శ్వాసనాళపు ముక్కల మీద టిరెల్ చూసిన నూగూ ఇదే. కోడికీ మనకీ ఊపిరితిత్తుల కట్టడమే వేరు. కోడికి మనకున్న డయాఫ్రం లేదు, ఒళ్లంతా గాలి సంచులు. అయినా ఈ నూగు దగ్గర మాత్రం ఇద్దరమూ ఒకటే. మరి 25 పీపీఎం దగ్గర కోడి సీలియా నలిగిపోతుందని భయపడే మనం, అదే గాలిని రోజుకి పది గంటలు పీల్చే మనిషి సీలియా గురించి ఎందుకు అడగం? ఫ్యాక్టరీల్లో అమ్మోనియాకి ఎనిమిది గంటల పనికి ఇంత దాటకూడదని హద్దు ఉంది. నేను వెళ్లిన ఏ షెడ్డులోనూ మనిషి నిలబడే ఎత్తులో గాలిని కొలిచే పరికరం చూడలేదు. దానికి తోడు మేత దుమ్ము, ఈకల పొడి, ఎండిన రెట్ట, వాటిలో చచ్చిన బ్యాక్టీరియా గోడల ముక్కలు. ఇవన్నీ పీల్చేవాళ్లలో దీర్ఘకాలపు దగ్గు, ఆయాసం, ఆస్తమా ఎక్కువని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. పక్షుల దుమ్ముకే ఊపిరితిత్తులు వాచే జబ్బు ఒకటుందని 1960ల నుంచీ వైద్య పుస్తకాల్లో ఉంది.

నాన్న దగ్గుకి మేం తిరగని ఆసుపత్రి లేదు. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు తలెత్తకుండా అడిగిన మొదటి ప్రశ్న, "బీడీ ఎన్ని కాలుస్తావ్?" కాల్చనండి అని నాన్న చెబితే నమ్మలేదు. "నిజం చెప్పు, నేనేం అననులే" అన్నాడు. అరవై ఏళ్ల మనిషిని నువ్వు అనడం అటుంచితే, ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. తెమడ పరీక్ష, ఎక్స్‌రే, టీబీ లేదన్నారు, యాంటీబయాటిక్ రాశారు. ఇంకో చోట ఇంకో యాంటీబయాటిక్. అలా ఏడేళ్లు.

యాంటీబయాటిక్ అంటే గుర్తొచ్చింది. ఐబీ వైరస్‌ని ఏ యాంటీబయాటిక్కూ తాకదు. దాని వెనక వచ్చే బ్యాక్టీరియా కోసం నీళ్లలో మందు కలుపుతారు, కొన్నిసార్లు అవసరమే, చాలాసార్లు భయంతో. ఆ పొడిని ట్యాంకులో కలిపింది నాన్నే, ఒట్టి చేత్తో. మనుషులకి చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ని పశువులకీ కోళ్లకీ వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. మంచి పని. అలాంటి మందుల్ని ఏళ్ల తరబడి కలిపిన చేతుల్లో, ఆ చేతుల వాళ్ల పేగుల్లో, మందులకి లొంగని బ్యాక్టీరియా ఎంత చేరిందో చూడాల్సిన పని మాత్రం మిగిలే ఉంది.

"ఇదంతా రాస్తే గుడ్డు ధర పడిపోతుంది, రైతు నష్టపోతాడు" అని నాకు తెలిసిన ఒక ఫారం యజమాని బాధపడ్డారు. ఆయన బాధ నాకర్థమవుతుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది, తెలంగాణా వెనకబడలేదు. మా ఊళ్లలో ఎన్నో ఇళ్ల పొయ్యి దాని మీదే వెలుగుతోంది, మా ఇంటిదీ వెలిగింది. నా ఫీజులు కట్టింది ఆ గుడ్లే. నేను గుడ్డు మీద అనుమానం పెట్టడం లేదు. ఉడికిన గుడ్డుతో, వండిన కోడితో ఎవరికీ భయం లేదు. నేను అడుగుతున్నది షెడ్డు లోపల నిలబడే మనిషి గురించి. అతను పరీక్ష చేయించుకుంటే గుడ్డు ధర ఎందుకు పడుతుంది?

పైగా, తలుచుకుంటే చేయగలమని 2025 ఫిబ్రవరిలో చూశాం. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు గుట్టలుగా చచ్చాయి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకి వెళ్లాయి, హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేలింది. వెంటనే కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. తెల్ల సూట్లు, మాస్కులు, కళ్లద్దాలు వచ్చాయి. కోళ్లని పట్టిన మనుషుల ఆరోగ్యాన్ని కొన్నాళ్లు గమనించాలని నిబంధన ఉంది. ఆ మార్చిలోనే మన రాష్ట్రంలో ఒక రెండేళ్ల పాప అదే వైరస్‌తో చనిపోయింది. పుణెలోని వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత చిన్న ఊపిరి.

బర్డ్ ఫ్లూ అప్పుడు తెల్ల సూటు తొడుక్కుని పక్కపక్కన నడిచిన పశువైద్యుడు, ఆరోగ్య కార్యకర్త, ఆ సూట్లు విప్పాక మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కేంద్రం నేషనల్ వన్ హెల్త్ మిషన్ అని పెట్టింది. మనుషులు, జంతువులు, పరిసరాల ఆరోగ్యం ఒకటిగా చూడాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. కానీ అది మా తణుకు దగ్గర ఓ షెడ్డు గేటు దాటి లోపలికి ఎప్పుడొస్తుంది? నా మట్టుకు అది ఖరీదైన పని కాదు. షెడ్డు కూలీకి ఏడాదికోసారి ఊపిరి ఊది చూపించే పరీక్ష, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే. ఓపీ చీటీ మీద "వృత్తి" అని ఒక గడి, దాన్ని నింపించే అలవాటు. కోళ్లలో గురక మొదలైన వారం ఆ షెడ్డు మనుషులకి జ్వరం, దగ్గు ఉన్నాయేమో అడిగి, అవసరమైతే గొంతు నమూనా తీయడం. మన ప్రాంతంలో తిరుగుతున్న ఐబీ రకాల జన్యువులు చదివి అందరికీ కనబడేలా పెట్టడం. ఆ పని చేయగల చదువు, చేతులు హైదరాబాదులోనూ తిరుపతిలోనూ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనకే ఒక జాతీయ సంస్థ ఉంది. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీకి, మెడికల్ కాలేజీకి మధ్య ఆటోలో వెళ్లేంత దూరమే. ఐబీ మనుషులకి రాదు కాబట్టి ఇవన్నీ దేనికి అనకండి. కోడికి, మనిషికి మధ్య ఏ వైరస్ ఎటు దాటుతుందో ముందు పసిగట్టే చోటు షెడ్డే, పసిగట్టే మొదటి మనిషి అందులో పనిచేసేవాడే. అతని చెవి మనకి కావాలి. అతని ఊపిరి కూడా అక్కర్లేదా?

నిరుడు విజయవాడలో ఒక ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి నాన్నని తీసుకెళ్లాను. కూర్చోబెట్టి, "ఏం పని చేసేవారండి?" అని అడిగారు. కోళ్ల ఫారం అన్నాడు నాన్న. "కేజీలా, డీప్ లిట్టరా?" అన్నారావిడ.

నాన్న నా వైపు చూశాడు. తరవాత కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని చెప్పడం మొదలెట్టాడు. మొదటి తొమ్మిదేళ్లు ఊక మీద, తరవాత కేజీల్లో, పరదాలు ఏ నెల నుంచి ఏ నెల దాకా దించేవాళ్లో, పెంట ఎన్నాళ్లకి ఎత్తేవాళ్లో, ఎత్తిన రోజు రాత్రి జ్వరంలా ఎలా ఉండేదో. ఆ జ్వరం సంగతి మా అమ్మకి కూడా తెలియదు. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉన్నారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఆపమని అనలేదు. తరవాత గొట్టం నోట్లో పెట్టి, గట్టిగా ఊదండి, ఇంకా, ఇంకా, అంటూ మూడు సార్లు ఊదించారు. ఆ వయసుకి ఉండాల్సిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాన్న పీల్చే మందు పెట్టె చేతిలో తిప్పుతూ, "ఇది అప్పుడే ఇచ్చుంటే రాత్రుళ్లు ఇంకా బాగా వినేవాణ్ని" అన్నాడు.